కొండల్లో జిప్‌లైన్: పిల్లాపాపలతో ఎక్కాలంటే ఏం చేయాలి

మనాలి, రిషికేశ్, మున్నార్, వయనాడ్. సెలవులకు మనవాళ్ళు వెళ్ళే కొండ ఊళ్ళలో చాలాచోట్ల ఇప్పుడు జిప్‌లైన్ ఉంది. అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు లాంగ్ వీకెండ్‌కి స్మోకీ మౌంటెన్స్ వైపు బయల్దేరితే గాట్లిన్‌బర్గ్, పిజన్ ఫోర్జ్‌లలోనూ కనిపిస్తుంది. మన విశాఖ కైలాసగిరి మీదా ఉంది. ఎత్తు మీది నుంచి పల్లానికి ఉక్కు తీగ బిగిస్తారు, దాని మీద గిలక పెడతారు, నడుముకీ తొడలకీ బెల్టు కట్టి మనిషిని ఆ గిలకకు వేలాడదీసి వదులుతారు. ఇంజను లేదు, స్టీరింగు లేదు. వదిలాక మీ చేతుల్లో ఉండేది చాలా తక్కువ. కాబట్టి పడాల్సిన జాగ్రత్తంతా కాళ్ళు నేల మీద ఉండగానే పడాలి.

1. ఇంట్లోనే అందరి బరువూ చూడండి

వయసు కన్నా ముందు చూడాల్సింది బరువు. చాలాచోట్ల 30–35 కిలోలకు తక్కువ ఉన్నవాళ్ళని ఒంటరిగా పంపరు, 110–120 కిలోలు దాటినవాళ్ళని ఎక్కించరు. కచ్చితమైన అంకె ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ఫోన్ చేసి అడగండి. బూట్లు, జాకెట్ వేసుకునే తూగండి, చలి ఊళ్ళో ఆ రెండే రెండు కిలోల దాకా తేడా తెస్తాయి.

ఈ హద్దులు ఎందుకో తెలిస్తే మీరే వాటికి కట్టుబడతారు. బరువు పెరిగేకొద్దీ కిందికి లాగే బలం పెరుగుతుంది, ఎదురుగాలి అడ్డు మాత్రం అంతగా పెరగదు. అందుకే ఒకే తీగ మీద 90 కిలోల తండ్రి జోరుగా వెళ్ళి బ్రేకుకు గట్టిగా తగులుతాడు, 28 కిలోల కూతురు మెల్లగా వెళ్ళి గమ్యానికి ముందే ఆగిపోతుంది. తీగ తిన్నగా ఉండదు, మధ్యలో కుంగుతుంది. నూటికి 3 వంతులు కుంగితే 300 మీటర్ల తీగ మధ్యలో 9 మీటర్లు కిందికి వస్తుంది. అంటే చివరి భాగం కొంచెం ఎగుడు. ఆ ఎగుడు ఎక్కేంత వేగం లేని పిల్లలు వెనక్కి జారి, కుంగిన చోట ఆగిపోతారు.

ఇంకా బిగించి తీగని తిన్నగా చేయొచ్చు కదా అనిపిస్తుంది. చేయకూడదు. 100 కిలోల మనిషి సరిగ్గా మధ్యలో వేలాడినప్పుడు తీగ 3 శాతం కుంగితే, ఆ ఒక్క మనిషి వల్ల తీగలో పుట్టే లాగుడు సుమారు 830 కిలోలు. కుంగు 1 శాతానికి తగ్గితే అదే మనిషి వల్ల దాదాపు 2,500 కిలోలు. రెండు కొసల్లోని స్తంభాలు ఆ భారమంతా మోయాలి. తీగ వదులుగా కనిపిస్తే భయపడొద్దు, అది కావాలని పెట్టిన కుంగే.

తూకంతో పాటు ఆరోగ్యం సంగతి కూడా ఇంట్లోనే తేల్చుకోండి. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, మెడ లేదా నడుము డిస్కు బాధ ఉన్నవాళ్ళు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, భుజం తరచూ జారేవాళ్ళు ఎక్కకూడదు. బీపీ అదుపులో లేకపోతే డాక్టరును అడగనిదే వద్దు. తాతయ్య, అమ్మమ్మల విషయంలో వయసొక్కటే అడ్డు కాదు. దిగేటప్పుడు వచ్చే కుదుపుకి వాళ్ళ ఎముకలు తట్టుకోవాలి, అసలు చిక్కు అక్కడే.

పిల్లలు భయపడితే బలవంతంగా పంపకండి. అంచుకు వచ్చాక ఏడ్చి తీగనో గైడునో పట్టుకుని వేలాడే పిల్లవాడికి దెబ్బ తగలడానికి ఆస్కారం ఎక్కువ. పొడవైన లైను ఎక్కించాలనుకుంటే ముందు నేలకు దగ్గరగా ఉండే చిన్న లైనులో ఒకసారి పంపి చూడండి.

2. ఫోన్‌లోనే అడగాల్సినవి

అందరూ టికెట్ ఎంత, లైను పొడవెంత అని అడుగుతారు. మొదట అడగాల్సింది బ్రేకు గురించి. 20 మీటర్లు దిగే లైనులో గాలి, రాపిడి అనేవే లేకపోతే చివరికొచ్చే వేగం గంటకు 70 కిలోమీటర్లు. అవి రెండూ ఉంటాయి కనుక నిజంగా వచ్చే వేగం అంతకన్నా తక్కువే, కానీ ఎంత వచ్చినా దాన్ని ఆపేది మాత్రం బ్రేకే.

కొన్నిచోట్ల తోలు గ్లవ్ వేసుకుని మీరే తీగని నొక్కి ఆపుకోవాలి. కొన్నిచోట్ల తీగ మీద ఒక అడ్డుదిమ్మ ఉంటుంది. గిలక వచ్చి దానికి తగిలితే గైడు తాడు పట్టి మెల్లగా ఆపుతాడు. ఇంకొన్నిచోట్ల పెద్ద స్ప్రింగు ఉంటుంది. జిప్‌స్టాప్ లాంటి అయస్కాంత బ్రేకులు కొత్త లైన్లలో కనిపిస్తాయి. అవి వేగాన్ని బట్టి అడ్డును పెంచుకుంటాయి, కాబట్టి బరువైనవాళ్ళనీ తేలికైనవాళ్ళనీ ఒకేలా మెత్తగా ఆపుతాయి. ఇందాక చెప్పిన చివరి ఎగుడునే బ్రేకుగా వాడుకునే లైన్లూ ఉన్నాయి.

చేతి గ్లవ్ ఒక్కటే బ్రేకుగా ఉన్న చోట పిల్లల్ని పంపకండి. భయంలో వాళ్ళు నొక్కాల్సినప్పుడు నొక్కరు, నొక్కకూడనప్పుడు నొక్కుతారు. ఏ రకం బ్రేకైనా సరే, అది పనిచేయకపోతే ఆపడానికి రెండోది ఉందా అని అడగండి. ఆ రెండోది లేని పొడవైన లైను పెద్దవాళ్ళకి కూడా వద్దు.

తర్వాత అడగాల్సినవి: పంపే చోట ఒకరు, దింపే చోట ఒకరు, ఇద్దరు గైడ్లూ ఎప్పుడూ ఉంటారా? మధ్యలో ఆగిపోయినవాళ్ళని ఎవరు, ఎలా తెస్తారు? పిల్లలకు ఒంటి నిండా ఉండే బెల్టు ఉందా? రోజూ ఉదయం లైను తనిఖీ చేసి పుస్తకంలో రాస్తారా? చివరి ప్రశ్నకి తడబడితే ఆ చోటు వదిలేయండి.

మన దేశంలో పర్యాటక మంత్రిత్వ శాఖ 2018లో సాహస పర్యాటకానికి ఇచ్చిన మార్గదర్శకాల్లో జిప్‌లైన్లు కూడా ఉన్నాయి. హిమాచల్‌లో సాహస క్రీడల కోసం 2017 నాటి రాష్ట్ర నిబంధనలున్నాయి. రోడ్డు పక్కన రెండు చెట్లకు తీగ కట్టి పిలిచేవాళ్ళని రిజిస్ట్రేషన్ కాగితం చూపమని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు. ప్రయాణ బీమా ఉంటే అందులో సాహస క్రీడలు కలిపారో లేదో చదవండి. చాలా పాలసీల్లో విడిగా కలుపుకుంటేనే వర్తిస్తుంది.

3. రోజు, వేళ

కొండల్లో మధ్యాహ్నం దాటాక మబ్బు, గాలి పెరుగుతాయి. ఉదయం పూట బుక్ చేసుకోండి. అయితే మున్నార్ లాంటి చోట్ల చలికాలం తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. పంపే చోట నుంచి దిగే చోటు కనిపించనప్పుడు ఎక్కకూడదు. మంచు విడిచే 9–10 గంటల వేళ మంచిది.

మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు మీకు దగ్గర్లోనే ఉన్నట్టు. ఆపేసి దిగిపోవాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాల వరకు మళ్ళీ ఎక్కొద్దు. వాన చినుకులే కదా అని గైడు అన్నా, చేతి బ్రేకు లైనైతే ఆగండి. తడి తీగ మీద గ్లవ్ జారుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. ఎదురుగాలి బలంగా ఉంటే తేలికైన పిల్లలు మధ్యలోనే ఆగిపోతారు. వెనకగాలి ఉంటే బరువైనవాళ్ళు అనుకున్నదానికన్నా వేగంగా వస్తారు.

ఘాట్ రోడ్డు దిగిన వెంటనే ఎక్కించొద్దు. మలుపులకి కళ్ళు తిరిగిన పిల్లలకి కనీసం గంట విశ్రాంతి కావాలి. ఎక్కడానికి గంటా గంటన్నర ముందు రెండు ఇడ్లీలో, ఒక దోశో చాలు. ఖాళీ కడుపుతో వద్దు, బిర్యానీ తిని అసలే వద్దు. మనాలి వెళ్ళినవాళ్ళు రోహ్‌తాంగ్‌నీ జిప్‌లైన్‌నీ ఒకే రోజుకి కుదించొద్దు. 3,978 మీటర్ల ఎత్తు ఎక్కి దిగిన ఒంటికి ఆ రోజు ఇంకో పరీక్ష పెట్టకండి.

4. బట్టలు

చీర, లంగా ఓణీ, పంచె కుదరవు, తొడలకు బెల్టు కట్టాలి కాబట్టి. ప్యాంటు, లేదా బిగుతైన పైజామా మీద పొట్టి కుర్తా. నిక్కరు వేసుకుంటే బెల్టు తొడని ఒరుస్తుంది. చున్నీ తీసి బ్యాగులో పెట్టండి, మెడకి చుట్టుకోవడం కూడా వద్దు. జడని చొక్కా లోపలికి దోపి, విడి వెంట్రుకల్ని రబ్బరు బ్యాండుతో బిగించండి. గిలక తల పక్కనే తిరుగుతుంది, అందులో జుట్టు చిక్కుకుంటే మనిషి సగం దారిలో తల పైకి లాక్కుపోయి ఆగిపోతుంది.

ఉంగరాలు, గాజులు, పొడవైన చెవి జుంకాలు తీసేయండి. నల్లపూసలు, మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే చొక్కా లోపల వేసుకుని, గుండీ మెడదాకా పెట్టుకోండి. కళ్ళజోడుకి వెనక తాడు కట్టాలి. చెప్పులు పనికిరావు, లేసున్న బూట్లు కావాలి. సెల్‌ఫోను జిప్పున్న జేబులో ఉండాలి. చేతిలో పట్టుకుని సెల్ఫీ తీసుకుంటూ వెళ్ళడాన్ని ఎవరు ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి. ఆ చేయి బ్రేకు వేసే చేయి కావచ్చు, జారిన ఫోను కింద నడిచేవాళ్ళ నెత్తిన పడొచ్చు.

5. టికెట్ కొనకముందు ముగ్గురిని చూడండి

పక్కన నిలబడి ముగ్గురు వెళ్ళడం చూస్తే ఆ చోటు సంగతి సగం తెలుస్తుంది. అవతలి మనిషి దిగి, గిలక తీగ నుంచి విడదీశాక, వాకీటాకీలోనో చేతి సైగతోనో కబురొచ్చాకే ఇవతల రెండోవాళ్ళని వదులుతున్నారా? ఇది జిప్‌లైన్ మొత్తంలో ఒకే ఒక్క పెద్ద నియమం. ముందు మనిషి లైను మీదుండగా వెనక మనిషిని వదిలితే ఇద్దరూ ఢీకొంటారు, తప్పించుకునే దారి ఉండదు. రద్దీ రోజుల్లో తొందరపెట్టే చోట ఇదే ముందు దెబ్బతింటుంది.

అంచు దగ్గర నిలబడ్డ గైడు తనూ హుక్ తగిలించుకున్నాడా చూడండి. తన ప్రాణానికి తగిలించుకోనివాడు మీ పిల్లలకి సరిగ్గా తగిలిస్తాడని నమ్మలేం. తీగ మీద తెగిన పోగులు ముళ్ళలా లేచి ఉంటే, కొసల్లో తుప్పు పొరలు రాలుతుంటే తిరిగి వచ్చేయండి.

6. బెల్టు కట్టించుకోవడం

ఇక్కడ నిదానించండి. గైడ్లు రోజుకి వందమందికి కడతారు, మీరు ఈ రోజు మీ ఇంటి నలుగురివే చూడాలి.

నడుము బెల్టు తుంటి ఎముకల పైన ఉండాలి. బొడ్డు కిందికి, తుంటి మీదికి జారి ఉంటే అది బెల్టు కాదు, తలకిందులైనప్పుడు కాళ్ళ మీదుగా జారిపోయే గుడ్డ. బిగించాక నడుము దగ్గర అరచెయ్యి చదునుగా దూరాలి, పిడికిలి పట్టకూడదు. తొడ పట్టీలకీ అదే కొలత. కట్టు నుంచి బయటికొచ్చిన పట్టీ కొస కనీసం నాలుగు వేళ్ళ వెడల్పు మిగలాలి. అంతకన్నా పొట్టిగా ఉంటే ఆ బెల్టు చిన్నది, పెద్దది అడగండి. పట్టీ మీద కోతలు, దూదిలా రేగిన అంచులు, తెగిన కుట్లు, ఎండకి వెలిసి బిరుసెక్కిన గుడ్డ కనిపిస్తే మార్చమనండి. వాడినా వాడకపోయినా ఇలాంటి నైలాన్, పాలిస్టర్ సరంజామాని తయారైన పదేళ్ళకి మించి వాడకూడదన్నది తయారీదారుల మాట. తేదీ లేబుల్ మీదే ఉంటుంది.

పదేళ్ళలోపు పిల్లలకి తుంటి ఇంకా నిండుగా ఏర్పడదు, ఒంటితో పోలిస్తే తల బరువు. నడుము బెల్టు ఒక్కటే కడితే వెనక్కి తిరగబడి జారే ప్రమాదం ఉంది. వాళ్ళకి భుజాల మీదుగా వచ్చే నిండు బెల్టే కావాలి. పెద్ద పొట్ట ఉన్న పెద్దవాళ్ళకీ ఇదే మాట, నడుము బెల్టు పొట్ట కిందికి జారుతుంది కాబట్టి. ఛాతీ పట్టీ కలిపి అడగండి.

హెల్మెట్ నుదుటి మీద ఉండాలి, కనుబొమలకి రెండు వేళ్ళ పైన. గడ్డం పట్టీ కింద ఒక్క వేలు దూరితే చాలు. తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ తలతోనే కదలాలి.

చివరగా హుక్‌లు, అంటే కారబైనర్లు. మిమ్మల్ని తీగకి కలిపేవి రెండు వేర్వేరు దారులుండాలి: గిలక ద్వారా ఒకటి, అది విఫలమైతే పట్టుకునే రెండో తాడు ఒకటి. ప్రతి హుక్ తలుపునీ వేలితో నొక్కి చూడండి, తెరుచుకోకూడదు. మర తిప్పే రకమైతే మర చివరిదాకా బిగిసి ఉండాలి. తీగకి నేరుగా తగిలే హుక్ ఉక్కుది కావాలి. అల్యూమినియం ఉక్కు తీగకి రాసుకుని త్వరగా అరిగిపోతుంది. ఈ తనిఖీ గైడు చేశాక మీరు మళ్ళీ చేయండి, పిల్లలకి మీ చేత్తో చేయండి. ఏ గైడైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

7. నేల మీద సాధన

మంచి చోట్ల నడుము ఎత్తులో ఒక చిన్న తీగ ఉంటుంది, దానికి వేలాడదీసి నేర్పుతారు. కూర్చున్న భంగిమలో వెనక్కి ఆనుకోవాలి, మోకాళ్ళు పైకి లాక్కుని పాదాలు కలిపి ముందుకు చాపాలి. చేతులు గిలక కింద వేలాడే పట్టీని పట్టుకోవాలి, గిలకని కాదు, తీగని అసలే కాదు.

చేతి బ్రేకు లైనైతే దీన్ని పదిసార్లైనా చేయించుకోండి: గ్లవ్ వేసిన చేయి గిలకకి వెనక, తల పైన, తీగ మీద అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కాలి. పిడికిలి బిగించకూడదు, మోచేయి కొంచెం వంచి ఉంచాలి. చేయి గిలక ముందుకి వెళితే గ్లవ్‌తో సహా వేళ్ళని గిలక లోపలికి లాక్కుంటుంది. ఈ ఆటలో చేతికి తగిలే దెబ్బల్లో పెద్దది ఇదే.

సైగలు కూడా అక్కడే నేర్చుకోండి. నెమ్మదించు, నొక్కు, వదిలేయి అనే మూడు సైగలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. గైడు హిందీలోనో మలయాళంలోనో చెబుతుంటే పిల్లలకి తెలుగులో మళ్ళీ చెప్పి, వాళ్ళ చేత చేయించి చూడండి.

8. ఎవరు ముందు, ఎవరు వెనక

పెద్దవాళ్ళలో ఒకరు ముందు వెళ్ళాలి, పిల్లలు మధ్యలో, ఇంకొకరు ఆఖరున. అవతల దిగిన పిల్లలకి ఒక తెలిసిన ముఖం కనిపించాలి, ఇవతల బెల్టు తనిఖీకి ఒక తెలిసిన చేయి ఉండాలి. పిల్లలకి తోడు ఎక్కాల్సివస్తే ఇద్దరి మొత్తం బరువు పై హద్దు దాటకుండా చూసుకోండి.

అంచు నుంచి దూకొద్దు. మెల్లగా వెనక్కి ఆనుకుని, బరువంతా బెల్టు మీద పడిందని తెలిశాక పాదాలు ఎత్తండి. దూకితే తీగ పైకీ కిందికీ ఊగుతుంది, గిలక ఎగిరెగిరి పడుతుంది. దారిలో ఒళ్ళు పక్కకి తిరిగితే తీగ పట్టుకుని సరిచేసుకోవాలని చూడకండి. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని ఉండండి చాలు. దింపే చోటు దగ్గర పడ్డాక కాళ్ళు చాపి వేదికని తన్నకండి, మోకాళ్ళు మడిచి ఉంచండి. గైడు పట్టుకున్నాక పాదాలు దించండి. చాపిన కాలు అంచుకి తగిలితే చీలమండ విరుగుతుంది.

9. మధ్యలో ఆగిపోతే

పిల్లలకి ముందే చెప్పి ఉంచాల్సిన సంగతి ఇది: ఆగిపోవడం ప్రమాదం కాదు. గ్లవ్ ఉంటే, గిలక పూర్తిగా ఆగిందని తెలిశాక, వెనక్కి జారకముందే గిలక వెనక తీగని గట్టిగా పట్టుకోవాలి. తర్వాత వీపు గమ్యం వైపు ఉండేలా తిరిగి, తీగని ఒక చేత్తో, ఆ పైన ఇంకో చేత్తో పట్టి లాగుతూ వెనక్కి వెనక్కి జరగాలి. గ్లవ్ లేకపోతే ఏమీ చేయొద్దు, గైడు వస్తాడు. అప్పటిదాకా మోకాళ్ళు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. కదలకుండా చాలాసేపు వేలాడితే కాళ్ళలో రక్తం నిలిచి తిమ్మిరి, తల తిరుగుడు వస్తాయి. పిల్లలతో కేకేసి మాట్లాడుతూ ఉండండి, కాళ్ళు ఆడించమని గుర్తుచేయండి.

10. రెండో లైనుకి వెళ్ళేముందు

ఐదారు లైన్లు వరసగా ఉండే చోట్ల మొదటి లైనుకి ఉన్న శ్రద్ధ మూడోదానికి ఉండదు. నడుస్తున్నప్పుడు తొడ పట్టీలు వదులవుతాయి, హుక్ మర తెరుచుకుంటుంది, పిల్లలు హెల్మెట్ పట్టీ విప్పేసుకుంటారు. ప్రతి లైను ముందూ నడుము, తొడలు, గడ్డం, రెండు హుక్‌లు అదే వరసలో మళ్ళీ చూడండి. ఒక్కొక్కరికి అర నిమిషం పడుతుంది. ఆఖరి లైను దిగాక కూడా వేదిక మీదుండగా బెల్టు విప్పకండి. మెట్లు దిగి, నేల మీదికి వచ్చాకే విప్పండి.